పన్ను పీకించడమే వైద్యమా?



వాల్మీకిపురం చుట్టుపక్కల పల్లెల నుంచి పంటి నొప్పితో వచ్చేవాళ్లలో మొదటి రోజే వచ్చేవాళ్లు చాలా తక్కువ. లవంగం నొక్కి, పొగాకు పెట్టి, మందుల షాపులో మాత్రలు అడిగి మింగి, రెండు మూడు రాత్రులు నిద్ర లేక, దవడ వాచిన తర్వాత వస్తారు. వచ్చీ రాగానే "పీకేయండి సిస్టర్, పీడ పోతుంది" అంటారు. కన్ను నొప్పి పెడితే కన్ను తీసేయమని ఎవరూ అడగరు. పన్ను విషయంలో మాత్రం మనకు మొదట తోచే వైద్యం అదే.

పళ్లు ఊడటం వయసుతో తప్పనిసరిగా వచ్చే మార్పు కాదని మేము గట్టిగా చెప్పదలచుకున్నాం. ఏళ్ల తరబడి పట్టించుకోని జబ్బుకు అది చివరి మెట్టు. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. వాటిలో చాలావరకు రాకుండా ఆపగలిగినవే. ఏ వయసులో ఏది గమనించాలో తెలిస్తే చాలు.

పాల పళ్లు

"పాల పళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అనే మాట తల్లుల నోట తరచుగా వింటాం. ఇది సగమే నిజం. ఆరో నెల ప్రాంతంలో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్లు వచ్చేసరికి 20 పాల పళ్లూ వస్తాయి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి గాని, వెనుక దవడ పళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అంటే మూడో ఏట పుచ్చిన దవడ పన్నుతో ఆ బిడ్డ ఇంకో ఏడెనిమిదేళ్లు నమలాలి. నొప్పికి భయపడి బిడ్డ అన్నం సరిగా తినదు, నిద్రపోదు, బడిలో మనసు పెట్టదు. ఆ పన్ను ముందే తీయిస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరుగుతాయి, తర్వాత రావలసినవి వంకరగా వస్తాయి.

ముఖ్య కారణం చక్కెర పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం. నిద్రలో ఉమ్ము తక్కువగా ఊరుతుంది. తీపి రాత్రంతా పళ్ల మీదే ఉంటుంది. మొదటి పన్ను కనబడగానే మెత్తని బ్రష్షుతో తోమడం మొదలుపెట్టండి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడు పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పక్కన ఎవరైనా ఉండి తోమించాలి.

ఎవరికీ తెలియకుండా వచ్చే పన్ను

ఆరేళ్ల వయసులో పాల పళ్ల వరుసకు వెనుక, పైన రెండు, కింద రెండు దవడ పళ్లు వస్తాయి. వీటి కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇవీ పాల పళ్లే అనుకుంటారు. నిజానికి ఇవి జీవితమంతా ఉండవలసిన పళ్లు. పైన లోతైన గుంటలు ఉండటంతో ముందుగా పుచ్చేవీ ఇవే. పన్నెండేళ్లకు ఈ పన్ను పీకించిన బిడ్డకు దాని చోట ఇంకొకటి రాదు. మీ బిడ్డకు ఆరేళ్లు నిండాక నోరు తెరిపించి వెలుతురులో చూడండి. ఆ గుంటలు పుచ్చకముందే పళ్ల డాక్టరు వాటిని పూడ్చగలరు.

ఆటల్లో పెద్ద పన్ను ఊడి పడితే పారేయకండి. తెల్లటి భాగం మాత్రమే పట్టుకోండి, వేరును రుద్దకండి. పాలలో వేసుకుని గంటలోపు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే తిరిగి నిలబెట్టే అవకాశం ఉంటుంది. పాల పన్నుకు ఇలా చేయకూడదు.

తాగే నీళ్లు

పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉంటే గార అనుకుని ఇటుక పొడితో రుద్దేవాళ్లు ఉన్నారు. అవి నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చినవైతే ఎంత రుద్దినా పోవు, పంటి పై పొర అరిగిపోతుంది. మన తెలుగు నేలకు ఈ జబ్బు కొత్త కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి మద్రాసు వైద్యులు రాశారు. నల్గొండ కష్టం అందరికీ తెలిసిందే. పంటి పొర తయారయ్యే చిన్న వయసులోనే ఈ నష్టం జరుగుతుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు. కాచితే అది పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. లోతైన బోరు నీళ్లు తాగే ఊళ్లవాళ్లు నీటిని పరీక్ష చేయించాలి.

గర్భిణి స్త్రీలు

కడుపులోని బిడ్డ తల్లి పళ్లలోని సున్నం లాగేసుకుంటుందని, అందుకే కాన్పుకొక పన్ను పోతుందని కొందరి నమ్మకం. బిడ్డ తల్లి పళ్లను కరిగించదు. ఆ నెలల్లో శరీరంలో జరిగే మార్పుల వల్ల చిగుళ్లు ఉబ్బి రక్తం కారతాయి. వేవిళ్ల పులుపు పళ్ల పొరను దెబ్బ తీస్తుంది. వాంతి అయిన వెంటనే తోమకుండా నీళ్లతో పుక్కిలించి, కాసేపు ఆగి తోమాలి. గర్భిణికి పళ్ల వైద్యం చేయకూడదనే భయం వద్దు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అందుకు అనువైన సమయం. నెలలు ఎన్నో డాక్టరుకు ముందే చెప్పాలి. దవడ వాపు, జ్వరం ఉంటే ఏ నెలైనా ఆగకూడదు.

నడి వయసు

తోమేటప్పుడు రక్తం వస్తోందని తోమడమే మానేసేవాళ్లు చాలామంది. రక్తం చిగుళ్ల జబ్బుకు గుర్తు. మెత్తని బ్రష్షుతో ఇంకా శ్రద్ధగా తోమాలి, గార తీయించుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్లు చెడితే షుగరు అదుపులోకి రావడం కూడా కష్టమవుతుంది. మందులు మానకుండా వేసుకుంటున్నా షుగరు తగ్గనివాళ్లు ఒకసారి నోరు కూడా చూపించుకోవాలి.

పళ్ల పొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లో నిషేధించింది. అయినా కాల్చిన పొగాకుతో పళ్లు తోమే అలవాటు, ఆకువక్కలో పొగాకు కలిపే అలవాటు ఇంకా కనబడుతున్నాయి. పొగాకు నొప్పి తెలియకుండా చేస్తుంది గాని జబ్బును లోపల పెంచుతుంది. నోటిలో పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ రెండు వారాలు దాటినా మానకపోతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

"మా తాత వేప పుల్లతోనే తోమాడు, ఎనభై ఏళ్లకూ చెరకు కొరికి తినేవాడు" అని మాతో వాదించేవాళ్లు ఉన్నారు. ఆ మాట మేము కాదనం. కాని తాత తిన్నది రాగి సంగటి, ఊరుబిండి. తీపి పండగ రోజున మాత్రమే. మనుమడు వేప పుల్ల వదిలాడు, బిస్కెట్లు, చాక్లెట్లు, కూల్ డ్రింకులు పట్టుకున్నాడు. వేప పుల్ల, కానగ పుల్ల మీద మాకు వ్యతిరేకత లేదు. మెత్తగా నమిలి, చిగుళ్లు గీసుకోకుండా తోముకోండి. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం బ్రష్షు, పేస్టు తప్పనిసరి.

పెద్దవాళ్లు

మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇది. ఇంట్లో అవ్వ గంజి మాత్రమే తాగుతుంటే "ముసలితనం కదా" అని సరిపెట్టుకుంటారు. ఆమెకు ఆకలి పోలేదు, నమలడానికి పళ్లు లేవు. పప్పు, కూర, గుడ్డు మాని చిక్కిపోయిన మనిషికి ఏ జబ్బు వచ్చినా తట్టుకోలేదు. పళ్ల సెట్టు పెట్టిస్తే ఇంటిల్లిపాదితో కూర్చుని తినగలదు. సెట్టును రోజూ తోమి, రాత్రి తీసి శుభ్రమైన నీళ్లలో ఉంచాలి. పక్షవాతంతో మంచాన ఉన్నవాళ్లకు తలను పక్కకు తిప్పి, తడి గుడ్డతో నోరు తుడవాలి. నోటిలోని మురికి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు పన్ను తీయించే ముందు ఆ సంగతి చెప్పాలి, మందు సొంతంగా ఆపకూడదు.

సంఘానికి మా మనవి

మనకు దగ్గరలోనే, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం ప్రారంభమైంది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో అక్కడ రోగులకు ఇవ్వగలిగింది మంచి గాలి, బలమైన ఆహారం, విశ్రాంతి, క్రమం తప్పని దినచర్య. పళ్ల విషయంలో ఈనాటికీ దినచర్యే పెద్ద మందు. అందుకే మూడు పనులు కోరుతున్నాం.

మొదటిది, సండే స్కూలులో వాక్యం అప్పజెప్పిన పిల్లలకు చాక్లెట్లు పంచడం మానుదాం. జామకాయ, అరటిపండు ఇద్దాం. పెద్ద పిల్లలకు చెనక్కాయలు ఇవ్వవచ్చు. క్రిస్మస్ కేకును ఎవరూ కాదనరు. వారం వారం తీపిని బహుమానంగా అలవాటు చేయడమే మాకు నచ్చనిది. రెండవది, స్త్రీల సమాజం వారు మంచాన ఉన్నవాళ్లను దర్శించి ప్రార్థన చేసేటప్పుడు వాళ్ల నోరు శుభ్రంగా ఉందా, ఏమి తినగలుగుతున్నారు అని కూడా అడగండి. నోరు తుడిచే పద్ధతి మా నర్సులు నేర్పిస్తారు. మూడవది, బడికి డాక్టర్లు వచ్చే రోజున పిల్లలను ఇంట్లో ఉంచకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుచ్చు పళ్లు కూడా చూస్తారు.

చివరగా ఒక హెచ్చరిక. దవడ వాపుతో పాటు జ్వరం ఉన్నా, నోరు తెరవలేకపోయినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా తెల్లవారేదాకా ఆగకండి. ఆ వాపు గొంతుకు పాకితే ప్రాణాపాయం. రాత్రయినా సరే, దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి.

మన దేహం దేవుని ఆలయమని ఆదివారం ఆదివారం వింటున్నాం. ఆ ఆలయానికి వాకిలి నోరే. ఈ రాత్రి భోజనమయ్యాక ఇంట్లో అందరి బ్రష్షులు ఒకసారి చూడండి. మనిషికి ఒకటి చొప్పున ఉన్నాయా? పీచులు అరిగిపోయాయా? అవ్వ నోరు చూసి ఎన్నాళ్లయింది? అక్కడి నుంచి మొదలుపెట్టండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్