పెరటి ముచ్చటలు: ఎల్బెర్టా పీచ్ చెట్టు

ఆఱేండ్ల క్రిందట మా పొరుగింటి యిల్లాలికి ఆమె యన్నగారు సిమ్లా కొండలనుండి ఎల్బెర్టా పీచ్ అంటుమొక్కను తెచ్చి యిచ్చిరి. అది నేటికిని నాలుగాకులు వేయుటయే కాని పూవు పూచి యెఱుగదు. మొన్న ఆమె యత్తగారు "గొడ్డుచెట్టు పెరటిలో నుండరాదు, కొట్టించుము" అనిరట. పెండ్లియై పదునొకండేండ్లైనను సంతతిలేని ఆ యిల్లాలికి ఆ మాట చెట్టును గూర్చి మాత్రమే యన్నట్లు తోచలేదు. కన్నీటితో మా యింటికి వచ్చినది. ఆమెకు చెప్పినదే సోదరీమణులకును విన్నవించుచున్నాను.

ఈ జాతి అమెరికాలో జార్జియా రాష్ట్రమునందలి మార్షల్‌విల్‌లో పుట్టినది. 1870 ప్రాంతమున శామ్యూల్ రంఫ్ అను తోట యజమాని చైనా జాతి పీచ్ గింజను నాటి, దానినుండి వచ్చిన మేలైన చెట్టునకు తన భార్య క్లారా ఎల్బెర్టా పేరు పెట్టెను. (భార్య పేరు పలుకుటకే సంకోచించు పురుషులు మన వీధులలో నింకను కలరు!) పండు పెద్దది; పసుపుచాయ తొక్కపై ఎఱుపు డాలుండును. కండ పసుపు, గింజ కండను సులభముగా విడుచును. దూరప్రయాణమున కోర్చునది గనుక మంచుగడ్డల చల్లదనమున ఉత్తర నగరముల కేగి, జార్జియాకు పీచ్ రాష్ట్రమను పేరు తెచ్చుటలో ముఖ్యమైనది. పిమ్మట వ్యాపారమున క్రొత్త జాతులు దీనిని వెనుకకు నెట్టినవి.

జంటచెట్టు లేకపోవుటచే కాయలేదని కొందఱనిరి. అది సరికాదు, దీని పూవు తన పుప్పొడిచేతనే ఫలించును. అసలు కారణము చలి. శీతకాలమున ఆకు రాల్చి నిద్రించు నీ చెట్టునకు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడునకు లోబడిన చలి రమారమి 800 గంటలు తగిలిననే మొగ్గ చక్కగా మేల్కొనును. మా కోస్తా గ్రామమున పుష్యమాసపు రాత్రులందును ఆ చలి యెక్కడిది? పంజాబు మైదానములలో పెంచు ఫ్లోర్డాసన్, షాన్-ఎ-పంజాబ్ జాతులకు తక్కువ చలి చాలును. కాని వానికిని కొంత చలి కావలయును.

కొండ ప్రదేశములలో కాపురమున్న సోదరీమణులు దీనిని నిశ్చింతగా పెంచవచ్చును. నీరు నిలువని నేల, నిండు ఎండ కావలయును. కాపు గడచిన యేటి కొమ్మలపైననే వచ్చును గనుక ఏటేట శీతకాలాంతమున కత్తిరింపవలయును. పిందెలు గోళీలంత కాగానే 6 మొదలు 8 అంగుళముల కొక్కటి యుంచి తక్కినవి గిల్లివేయవలయును. చేతులు రావు కాని, గిల్లనిచో పండ్లు చిన్నవగును, కొమ్మలు విఱుగును.

పొరుగామెతో "చెట్టు గొడ్డు కాదమ్మా, చోటు దానిది కాదు. తీసివేసి సీతాఫలము పెట్టుకొనుము" అంటిని. మొదటి మాట రెండుమాఱులు చెప్పించుకొని వినినది. రెండవదాని కొప్పుకొనలేదు.