పెరటి తోట: వేళ్ళ దగ్గరి చుట్టాలు

మొన్న ఉగాది సంబరాల్లో పులిహోర కోసం వరుసలో నిలబడి ఉంటే ఒక పిన్నిగారు నన్ను పట్టుకున్నారు. "పోయినేడాది మా టమాటా ఆకుల నిండా నల్లమచ్చలేనమ్మా. మందు కొడదామంటే మా మనవడు కాయ కోసి అక్కడే నోట్లో పెట్టుకుంటాడు. మొక్క తన జబ్బు తనే తట్టుకునే దారి లేదా?" అన్నారు. ఈ సంచికలో చెప్తానని మాటిచ్చాను.

దారి ఉందండీ, కొంతవరకు. అది మట్టిలో ఉంది. మొక్కల వేళ్ళ చుట్టూ సూడోమొనాస్, బాసిల్లస్ జాతుల మంచి బాక్టీరియా కాపురముంటాయి. 1991లో హాలెండ్ శాస్త్రజ్ఞులు కార్నేషన్ పూలమొక్కల వేళ్ళకు మంచి బాక్టీరియా పట్టించి, జబ్బు తెచ్చే ఫ్యుజేరియం బూజును మాత్రం కాండంలోకి ఎక్కించారు. రెండూ ఎదురుపడనే లేదు. అయినా జబ్బు తగ్గింది! అదే ఏడాది అలబామాలోని ఆబర్న్ యూనివర్సిటీ వారు దోసమొక్కల్లోనూ ఇలాంటి ఫలితమే చూశారు. అంటే పోరాడింది మొక్కే. బాక్టీరియా దాన్ని తట్టి లేపాయి, అంతే.

ఈ కబురు వేరు నుంచి ఆకుకి చేరి పనిచేయాలంటే మొక్కలోని జాస్మోనిక్ ఆమ్లం, ఇథిలీన్ అనే హార్మోన్లు కావాలి. అలాగని మొక్క రోజూ యుద్ధం చేస్తూ కూర్చోదు. గుమ్మం పక్కన కర్ర పెట్టుకుని పడుకున్నట్టు సిద్ధంగా ఉంటుంది. క్రిమి రాగానే త్వరగా, గట్టిగా ఎదుర్కొంటుంది.

ఇంకో విశేషం. పిన్నిగారి మచ్చల్లాంటివి తెచ్చే క్రిమి ఒకటుంది, దాని పేరూ సూడోమొనాసే. ఇంటిపేరు ఒకటే, బుద్ధులు వేరు! డెలావేర్ యూనివర్సిటీ వారు ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్క ఆకుకి దాన్ని అంటిస్తే, వేళ్ళు మాలిక్ ఆమ్లాన్ని ఎక్కువగా వదిలి బాసిల్లస్ సబ్టిలిస్‌ని పిలుచుకున్నాయని 2008లో తేల్చారు. యాపిల్‌కి పులుపునిచ్చేది ఈ ఆమ్లమే. వేరు దగ్గర చేరిన ఆ చుట్టం, క్రిమి లోపలికి దూరే ఆకు రంధ్రాలను మూయిస్తుందని 2012లో చూపించారు.

మన ఊళ్ళలో రైతులు విత్తనానికి పట్టించే సూడోమొనాస్ ఫ్లోరిసెన్స్ పొడి కూడా ఈ కోవదే.

అయితే ఇది మంత్రం కాదు. మచ్చపడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. అన్ని రకాల బాక్టీరియా అన్ని మొక్కలకీ పనిచేయవు. అందుకే పిన్నిగారూ, ఈసారి టమాటాకి చోటు మార్చండి. మట్టిలో బాగా మాగిన కంపోస్టు కలపండి. నీళ్ళు ఆకుల మీద కాక మొదట్లో పోయండి. బాసిల్లస్ సబ్టిలిస్ పొడి కొంటే లేబుల్ చదివి, జబ్బు రాకముందే వాడండి.

మనవడికి మాత్రం కాయ కడుక్కుని తినడం నేర్పండి. అది ఏ బాక్టీరియా నేర్పదు!