తాటిపండుకు మర ఎందుకు?

సీమదేశాల్లో ఆపిల్ పళ్ళను నలగ్గొట్టి, చెక్క మరలో బిగించి రసం తీస్తారట, మర లేనివాళ్ళ గతేమిటని ఒక సోదరి అడిగారు. తురుముపీట మీద తురిమి, పల్చని గుడ్డలో మూటగట్టి పిండితే సరి. ఆపిల్ మెత్తని ప్రాణి. మా ముదినేపల్లి వైపు అంతకన్న మొండిది వున్నది, తాటిపండు. పీచు నిండా గుజ్జు, మధ్యన రాయిలాంటి టెంకలు. దాన్ని ఏ మరలో పెట్టి బిగిస్తారు?

శ్రావణ భాద్రపదాల్లో తెల్లవారుజామున దబ్బుమని రాలిన పండునే ఏరుకోండి. ముచ్చిక వూడదీసి, నిప్పుల మీద తిప్పుతూ కాలిస్తే నల్లని తొక్క వలుచుకు వస్తుంది. టెంకలు విడదీసి, చారెడు గోరువెచ్చని నీళ్ళు చిలకరించి బాగా పిసకండి. తరువాత వెదురుబుట్టను పళ్ళెంలో బోర్లించి, దాని వీపు మీద రుద్దండి. గుజ్జు అల్లికలోంచి దిగుతుంది, పీచు టెంకకే వుండిపోతుంది. మిక్సీ జోలికి పోవద్దు, పీచు చుట్టుకుని అదే ఆగిపోతుంది.

గుజ్జును గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తే చేదునీరు కొంత కారిపోతుంది. బెంగాలీలు కృష్ణాష్టమికి తాటిబూరెలు వేసేముందు చేసే పని యిదే. తీసిన పూటే వాడాలి సుమండీ, సాయంత్రానికి పులుస్తుంది. ఆపిల్ రసం పులిస్తే ఇంగ్లండులో సైడర్ అని తాగుతారు. మనకు ఆ ముచ్చట తీర్చడానికి కల్లు వుండనే వున్నది!

గ్లాసు గుజ్జుకు గ్లాసు బియ్యపురవ్వ, ముప్పావు గ్లాసు బెల్లం, కాస్త కొబ్బరి కలిపి, మందపాటి మూకుడులో సన్నసెగన రొట్టె వేయండి. యాళ్పాణం తమిళులైతే గుజ్జును చాపల మీద ఎండబెట్టి తాండ్ర చేస్తారు.

ఎంత వేలాడదీసినా చేదు మొత్తం పోదు. అది చెట్టు గుణం. ఏ గట్టు మీది చెట్టు తీపో మా అత్తగారి తరానికి నోటిలెక్క. ఆ గట్లు అనేకం చేపల చెరువుల్లో కలిశాయి. కొత్త చెట్టు కాపుకు రావాలంటే 12-15 ఏళ్ళు పడుతుంది. కనుక తీపిపండు దొరికితే టెంకలన్నీ తేగల పాతరకే వేయకండి. పోతుతాడో, కాసే తాడో పూతకు వచ్చేదాకా తెలియదు కాబట్టి ఐదారు పాతండి. వేరు లోతుకు దిగుతుంది, మొలిచాక పెకలిస్తే బతకదు, పెరగవలసిన చోటనే పాతాలి. చెరువుగట్టు ఎప్పుడు తవ్వుతారో తెలియదు, పుంత పక్కనైతే మేలు.