దర్బారులో నోరు విప్పిన జవానుకు రక్షణ కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రిగారికి,
(జిల్లా సైనిక సంక్షేమ అధికారిగారి ద్వారా)

అయ్యా,

మేము పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం, దాని చుట్టుపక్కల గ్రామాల మాజీ సైనికులం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి పటాలానికి మనుషుల్ని పంపుతున్న ఊరు కనుక దీన్ని మిలిటరీ మాధవరం అంటారు. ఇప్పుడు మా మనవలు అగ్నివీరులుగా వెళ్తున్నారు. ఈ వినతి వాళ్ల కోసం.

యూనిట్ జవాన్లందరినీ కూర్చోబెట్టి జరిపే దర్బారు చివర కమాండింగ్ ఆఫీసర్, అంటే సీఓ సాబ్, "కోయీ పాయింట్?" (ఎవరికైనా చెప్పుకోవాల్సింది ఉందా?) అని అడుగుతారు. ఎవరూ లేవరు. ఎవరూ లేవకూడదని ముందురోజు రోల్‌కాల్‌లోనే చెప్పి ఉంటారు. ఓసారి మాలో ఒకరు లేచారు. సాబ్ ఇంట్లో బట్టలుతకడం, కూరగాయలు తేవడం సైనికుడి డ్యూటీయేనా అని అడిగారు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. నెల తర్వాత సెలవు చీటీ చేతికొచ్చేసరికి తేదీలు పెన్సిల్‌తో కొట్టేసి ఉన్నాయి. తండ్రి పోతే పదకొండో రోజుకు గాని ఇల్లు చేరలేకపోయారు.

చట్టం లేక కాదు. 1950 సైనిక చట్టం 26వ సెక్షన్ జవానుకు ఫిర్యాదు హక్కు ఇచ్చింది. తన అధికారి మీదే ఫిర్యాదైతే ఆ పై అధికారికి చెప్పుకోవచ్చంది. కింది వాణ్ని హింసిస్తే 47వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. కానీ కక్ష తీర్చుకోవడానికి చెయ్యెత్తనక్కర్లేదు. సెలవు కోస్తే చాలు, బదిలీ చేస్తే చాలు. 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు సరిగ్గా ఈ రెండు విషయాల్లోనే విచారణాధికారం లేదు. ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు సెలవు కోసినా, బదిలీ చేసినా ట్రిబ్యునల్ విచారించేలా ఆ చట్టాన్ని సవరించాలి. మా మొదటి కోరిక ఇదే, అన్నిటికన్నా పెద్దదీ ఇదే.

అగ్నివీరుడి సంగతి ఇంకా కష్టం. నాలుగేళ్ల తర్వాత నూటికి ఇరవై ఐదుగురిని మించి ఉంచుకోరు. ఎవరిని ఉంచాలో పై వాళ్ల మార్కులు తేలుస్తాయి. అలాంటి కుర్రాడు పాయింట్ ఎలా లేవదీస్తాడు? ఫిర్యాదు చేసిన అగ్నివీరుడి మూల్యాంకనం ఆ యూనిట్‌తో సంబంధం లేని అధికారి చూడాలి.

సహాయక్ పేరుతో ఇంటిపని చేయించడం ఆపండి. ఫీల్డులో అధికారికి తోడుగా, ఆయన ఆయుధం, రేడియో చూసుకునే బడ్డీగా ఉండటం గౌరవం. కుక్కను షికారు తిప్పడం కాదు. ఈ పద్ధతి ఎత్తెయ్యమని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం చెప్పి ఏళ్లయింది. నౌకాదళం, వైమానిక దళం ఇది లేకుండానే నడుస్తున్నాయి.

ఇవి చిన్న విషయాలు, యుద్ధానికీ వీటికీ ఏం సంబంధం అనవచ్చు. ఉందండీ. సైనిక చట్టం 41వ సెక్షన్ నేరమన్నది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించడాన్ని. ఆ 'చట్టబద్ధమైన' అన్న మాటకు అర్థం మా సర్వీసంతటిలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. చేతులు కట్టేసిన ఖైదీని చూపించి అధికారి చెయ్యరాని పని చెయ్యమంటే, కూరగాయల సంచి దగ్గరే నోరు మూసుకోవడం నేర్చినవాడు అక్కడ కాదనగలడా? 1949 జెనీవా ఒప్పందాల కోసం మన దేశం 1960లోనే చట్టం చేసుకుంది. ఖైదీ, క్షతగాత్రుడు, మామూలు పౌరుడు ఎదురైనప్పుడు ఏం చెయ్యాలో, ఏ ఆజ్ఞను పాటించకూడదో శిక్షణ కేంద్రాల్లో రిక్రూట్లకు వాళ్ల మాతృభాషలో చెప్పించండి.

మంచి అధికారులు లేరని మేం అనం. లంగరులో (జవాన్ల భోజనశాలలో) జవాన్లంతా తిన్నాకే పళ్లెం పట్టిన కంపెనీ కమాండర్ కింద మాలో చాలామంది పనిచేశారు. 1932లో డెహ్రాడూన్ సైనిక అకాడమీ ప్రారంభిస్తూ అప్పటి సర్వసేనాధిపతి చెట్‌వుడ్ దేశాన్ని ముందు, జవాన్లను తర్వాత, అధికారి సొంత సుఖాన్ని ఆఖరున పెట్టారు. ఆయన ఆ మాట అధికారులు కాబోయేవాళ్లకే చెప్పారు. అది తప్పిన అధికారిని అడిగే దారి జవానుకూ ఉండాలి.

దయచేసి ఏ కోరికపై ఏం నిర్ణయించారో మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయులు,
కింద సంతకాలు చేసిన మాజీ సైనికులు, మాధవరం