కారు పాటలో కలియు రొద

గత మాసము మాకు వచ్చిన జాబులలో నొకటి యీ శీర్షికకు మిక్కిలి తగినదిగా నున్నది. వ్రాసిన సోదరి పిల్లలను బడికి తామే కారులో దిగవిడుచుచుందురట. ఫోనును తీగతో కారు స్టీరియోకు తగిలించి పాటలు వినునప్పుడు, పాట వెనుక సన్నని యీలవంటి ధ్వని యొకటి వినవచ్చుచున్నదనియు, ఇంజను వేగము హెచ్చినకొలది ఈలయు హెచ్చుచున్నదనియు, ఒక దుకాణమువారు బండిని పది నిమిషములైన పరీక్షింపక ‘స్టీరియో చెడిపోయినది, క్రొత్తది వేయవలె’నని 18,000 రూపాయలు అడిగిరనియు వ్రాసి, మా సలహా కోరినారు. నెలఖర్చులోనుండి అంత సొమ్ము తీయుటకు చేతులు రాలేదట.

సొమ్మిచ్చుటకు ముందు రోగ మెక్కడ నున్నదో తెలిసికొనుట మేలు. స్టీరియోయే చెడుటయు కలదు గాని, ఇట్టి యీల పుట్టినచోట దోషము తరచుగా తీగలలోనే యుండును. క్రొత్త స్టీరియో వేసినను ఆ తీగలే యుండును గనుక ఈలయు నుండును. పరీక్షకు విద్యుచ్ఛాస్త్రము చదివియుండ నక్కరలేదు. చెవులును, అరగంట తీరికయు చాలును. బండిని మాత్రము ఆరుబయట నిలిపి, చేతిబ్రేకు వేసి, గేరును న్యూట్రలులో నుంచవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. తెలియకుండనే ప్రాణము తీయును.

మొదట ఇంజను నడపకయే తాళపుచెవిని ఒక మెట్టు మాత్రము త్రిప్పి పాట పెట్టి వినుడు. బొత్తాముతో నడచు బండ్లలో సాధారణముగా బ్రేకు త్రొక్కక బొత్తాము నొక్కిన చాలును. అప్పుడు పాట శుద్ధముగా వినవచ్చి, ఇంజను నడపగానే ఈల పుట్టి, ఆక్సిలరేటరు త్రొక్కినకొలది పైస్థాయి కెక్కినచో ఆ యీలకు పుట్టిల్లు ఆల్టర్నేటరని తెలియవలెను.

ఆల్టర్నేటరనగా ఇంజనుతో బెల్టు మూలమున తిరుగుచు బ్యాటరీకి విద్యుత్తు నిచ్చు యంత్రము. అందు పుట్టునది దిశ మార్చుకొనుచుండు విద్యుత్తు. దానిని ఒకే దిశకు మరల్చుటకు లోపల సాధారణముగా ఆరు డయోడులుండును. ఎంత మరల్చినను అది నున్నగా నుండదు. జల్లించిన పిండిలో రవ్వ మిగిలినట్లు చిన్న చిన్న అలలు మిగులును. ఈ అలలే మనకు ఈలగా వినబడునవి. ఇంజను నిలుకడగా నిమిషమునకు 800 మారులు తిరుగునప్పుడు ఆల్టర్నేటరు సుమారు 2,000 మారులు తిరుగుననుకొందము. పండ్రెండు ధ్రువములు గల యంత్రములో సెకనుకు 1,200 అలలు పుట్టును. ఇంజను వేగము మూడింతలైనచో అలలు 3,600 అగును. ఈల ఇంజనుతోపాటు ఎక్కి దిగుటకు కారణ మిదియే. అన్ని బండ్లలోను ఈ అలలున్నవి; అన్ని స్టీరియోలలోను ఈల లేదు. కాబట్టి అలలు పాటలోనికి ఏ దారిని వచ్చుచున్నవో వెదకవలెను.

ఇంజను నడచుచుండగా, ఈల వినబడుచుండగా, ఫోనునకు తగిలించిన చార్జరును సాకెట్టునుండి ఊడదీయుడు. ఈల తటాలున నిలిచినచో దారి దొరకినట్లే. ఫోను అప్పుడు రెండు మార్గముల బండి యినుమునకు కట్టుబడి యున్నది: చార్జరుద్వారా ఒకటి, పాట తీగద్వారా స్టీరియో మీదుగా వేరొకటి. బండి యినుప దేహము బ్యాటరీ ఋణధ్రువమునకు కలిసియున్నను, దానిపై అన్నిచోట్ల విద్యుత్పీడనము సరిగా నొకటే కాదు. వోల్టులో వేయవవంతులు కొన్ని భేదముండును. ఆ కొద్దిపాటి భేదమువలన పాట తీగ చుట్టుకవచములో విద్యుత్తు ప్రవహించి, స్టీరియో దానిని పాటగానే భావించి పెంచి వినిపించును. దీనిని పనివారు ‘ఎర్తు లూపు’ అందురు. మాకు వ్రాసిన సోదరి బండిలోను ఇదియే జరుగుచున్నదని మా తలపు. ఇందులకు స్టీరియో మార్చవలసిన పని లేదు. పాట వినునప్పుడు చార్జరు పెట్టకుండుటయో, పవర్ బ్యాంకుతో ఫోనును నింపుకొనుటయో, బ్లూటూతు గల స్టీరియో అయినచో తీగయే లేకుండ వినుటయో చేయవచ్చును. ఇవేవియు కుదరనిచో ‘గ్రౌండ్ లూప్ ఐసొలేటరు’ అను చిన్న డబ్బీని పాట తీగ నడుమ తగిలింపవలెను. అందులోని రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మరులు తీగను తెగగొట్టియు పాటను దాటించును. వెల కొన్ని వందలే. మరీ చౌకరకమైనచో మృదంగపు నాదము వంటి క్రిందిస్థాయి ధ్వనులను పలుచన చేయును గనుక బిగించుటకు ముందే విని చూచుకొనుట మంచిది.

చార్జరు తీసినను ఈల పోనిచో స్టీరియో వాల్యూమును పూర్తిగా తగ్గించి చూడుడు. శూన్యమునకు దించినను ఈల యట్లే యున్నచో అది వాల్యూము మర దాటినపిదప, అనగా స్పీకర్ల వైపున, చేరుచున్నది. వేరుగా ఆంప్లిఫయరు వేయించుకొన్న బండ్లలో ఇది హెచ్చు. అచ్చట మొదట చూడవలసినది ఎర్తు తీగ. దానిని రంగు గీకిన శుద్ధమైన ఇనుముపై గట్టిగా బోల్టుతో బిగింపవలెను, అడుగున్నరకంటె పొడవుండరాదు. రంగుమీదనే మర బిగించి పోవువారు కలరు. సముద్రపు ఉప్పుగాలి తగులు కాకినాడ, విశాఖపట్టణము వంటి యూళ్లలో ఆ బోల్టు త్రుప్పు పట్టుటయు కద్దు. మరియు విద్యుత్తు తెచ్చు లావు తీగను, పాట తెచ్చు సన్నతీగను ఒకే కట్టగా కట్టి కార్పెట్టు క్రింద తోయుట పనివారి సోమరితనము. వాటిని బండికి చెరియొక ప్రక్కను నడిపింపవలెను. లావు తీగకు బ్యాటరీ దగ్గరనే, అడుగున్నరలోపల, ఫ్యూజు కలదా యని తప్పక చూడుడు. ఈలకు దీనితో సంబంధము లేదు గాని, ఫ్యూజు లేని తీగ ఎక్కడనైన ఒరసి ఇనుమునకు తగిలినచో క్షణములో మండును. పిల్లలు కూర్చుండు బండిలో ఈ యొక్కదానికి ఉపేక్ష పనికిరాదు.

ఇంజను నడచినను నిలిచినను ఒకేరీతిగా బుస్సుమను శబ్దముండినచో ఆంప్లిఫయరు ‘గెయిన్’ మర మితిమీరి త్రిప్పబడియుండును, తగ్గించిన సరిపోవును. టకటకమని ఇంజనుతో తాళము వేయు శబ్దము పెట్రోలు బండ్లలో స్పార్కుప్లగ్గులవలన రావచ్చును, ముఖ్యముగా రేడియో వినునప్పుడు. ఇది పాత రోగము. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీవారు మోటరోలా యను పేర కారు రేడియోను తెచ్చిన నాటికే దీనితో పెనగులాడవలసివచ్చెను. నేటి ప్లగ్గులలోనే నిరోధము చేర్చియుండుటచే తగ్గినది. డీజిలు బండికి స్పార్కే లేదు. ఇక తలుపులో గలగలమను చప్పుడు విద్యుత్తుది కానేకాదు. చేతితో అదిమినప్పుడు నిలిచినచో తలుపు అట్ట వదులైనదన్న మాట, లేదా అరలో పిల్లలు దాచిన గోళీలున్నవన్న మాట.

ఒక్క సందర్భములో మాత్రము ఈలను మాన్పుటకు తొందరపడరాదు. క్రొత్తగా ఏదియు తగిలింపకయే ఒకనాడు ఈల పుట్టి, దానితోడనే దీపములు మినుకుమినుకుమనుటయో, బ్యాటరీ గుర్తు వెలుగుటయో, తెల్లవారుసరికి బ్యాటరీ నీరసించుటయో జరిగినచో ఆల్టర్నేటరులోని డయోడు చెడియుండవచ్చును. అప్పుడు శబ్దమును వడగట్టు పరికరము వేయించుకొనుట జ్వరము చూడక నుదుట తడిగుడ్డ వేయుటవంటిది. ఈల పోవును, బండి మాత్రము ఒకనాడు రాత్రివేళ నడిదారిని నిలిచిపోవును. మల్టీమీటరుతో బ్యాటరీని కొలిపింపుడు. ఇంజను నిలిచియుండగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులకు దరిదాపుగాను, నడచునప్పుడు సాధారణముగా 13.8 మొదలు 14.4 వరకును చూపును. క్రొత్త బండ్లు కొన్ని దీనిని తామే మార్చుకొనుచుండును. మీటరును ఏ.సీ.కి త్రిప్పినప్పుడు అరవోల్టుకు మించి చూపినచో డయోడులపై అనుమానము బలపడును. దుకాణమున ఈ మూడు అంకెలను అడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. కొలువక వెల చెప్పువానికి పని అప్పగింపవలదు.

తీగలను స్వయముగా తాకదలచినవారు ముందు చేతి గాజులను, ఉంగరములను తీసివేయవలెను. లోహపు గాజు బ్యాటరీ ధనధ్రువమునకును ఇనుమునకును నడుమ తగిలినచో ఎర్రగా కాలి మణికట్టును కాల్చును. బ్యాటరీ నల్లతీగను మొదట విప్పి, తిరిగి బిగించునప్పుడు దానినే చివర బిగింపుడు. కొన్ని స్టీరియోలు బ్యాటరీ విప్పినపిదప రహస్యసంఖ్య నడుగును. అది బండి పుస్తకములో నున్నదేమో ముందే చూచి పెట్టుకొనుడు.