రక్తపుచీటిలోని కోతి

రక్తపరీక్ష చీటిపై కనబడు "ఆర్‌హెచ్" అను మాట రీసస్ కోతి పేరునుండి వచ్చినది. 1940లో లాండ్‌స్టైనరు, వీనరు అను పండితులు ఆ కోతి రక్తమును కుందేళ్లకెక్కించి, తన్మూలమున మానవరక్తమందలి యీ భేదమును గుర్తించిరి. తల్లికి లేని ఆర్‌హెచ్ గుణము గర్భస్థశిశువునకున్నయెడల తరువాతి బిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును. 1968 మొదలు దీనిని నివారించు సూదిమందు గలదు.

కావున ఇట్టి ప్రయోగములేవియు కూడవనుట నాకు సమ్మతము గాదు. అయినను వేరు మార్గమున్నచోట మూగప్రాణిని బాధించుట విద్య యనిపించుకొనదు. 1978లో మన దేశము రీసస్ కోతుల ఎగుమతిని నిషేధించుట న్యాయమే. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతపు కోతులు వేరొక జాతివి. ఐనను దాని బంధువులే. బాలురారా, వానిపై రాళ్లు రువ్వకుడు. తల్లిదండ్రులారా, గర్భిణులకు రక్తపరీక్ష తప్పక చేయింపుడు. ఆ ఋణము తీర్చుమార్గమిదియే.