నునుపు రేఖ చెప్పే అసత్యం

ప్రయోగశాలలో కొలతలు తీసుకొని, గ్రాఫు కాగితంపై బిందువులు గుర్తించి, వాటి గుండా నునుపైన వక్రరేఖ గీయడం విద్యార్థులందరికీ పరిచితమే. రేఖ నునుపుగా ఉన్నచో రికార్డులో మార్కులు పడతాయి. ఇది సరికాదని నా అభిప్రాయం. కాతిబు గీసిన నూన్ అక్షరపు వంపునకు అందమే ప్రమాణం కావచ్చును. కొలతల రేఖకు అది చాలదు.

ఒక చెరువులో ఆరు వారాలు నీటిమట్టం కొలిచామనుకొందాం. మొదటి మూడు వారాలు చెరువు ఎండియున్నది. వర్షం పడిన పిమ్మట మూడు వారాలూ మట్టం 1 మీటరు. ఈ బిందువుల నడుమ క్రొత్త బిందువులను, వాటి నడుమ మరల క్రొత్తవాటిని చేర్చుకొంటూ పోయి నునుపైన రేఖను సాధించే విధానానికి ఉపవిభజన అని పేరు. 1987లో డిన్, లెవిన్, గ్రెగరీలు ప్రకటించిన నాలుగు బిందువుల పద్ధతిలో, దగ్గరి రెండు విలువల మొత్తాన్ని 9తో గుణించి, వాటికి ఆవలనున్న రెండింటి మొత్తాన్ని తీసివేసి, 16తో భాగించాలి. రేఖ ప్రతి కొలత గుండానూ పోతుంది. అయితే రెండవ, మూడవ వారాల నడుమ లెక్కించి చూడండి: −1/16 మీటరు! ఎండిన చెరువులో సున్న కంటె తక్కువ నీరు! నాలుగు, ఐదు వారాల నడుమ 17/16 మీటరు. దానికీ కొలతల్లో ఆధారం లేదు.

1974లో చైకిన్ చూపిన మార్గం వేరు. ప్రతి రేఖాఖండంపై పావు దూరంలోనూ ముప్పావు దూరంలోనూ గుర్తులుంచి, వరుసగా కలిపితే మూలలు తెగిపోతాయి. మరల మరల చేయగా వక్రరేఖ ఏర్పడుతుంది. పెన్సిలు, స్కేలు చాలు. క్రొత్త విలువ ఎన్నడూ పాత రెండింటి నడుమనే ఉంటుంది కనుక రేఖ సున్న దిగువకు పోదు, మీటరు దాటదు, పెరిగే చోట తగ్గదు. ఆకృతి నిలుస్తుంది. కాని కొలిచిన బిందువును అది వదలివేస్తుంది: నాలుగవ వారం 1 మీటరునకు బదులు 7/8 మీటరు చూపుతుంది.

కొలతనే కాదన్న రేఖ ఏమి శాస్త్రమని అధ్యాపకులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. అయినను నా దృష్టిలో ఇది చిన్న దోషం. తప్పిన బిందువు రేఖ ప్రక్కనే నిలిచి తప్పును పట్టిస్తుంది; కల్పిత గుంట మాత్రం నిజమైన కొలత వలె నటిస్తుంది. రెంటినీ కాపాడే పద్ధతులు లేకపోలేదు. ఒకే వైపునకు వంగిన కొలతలకు అట్టిదొకటి 1998లో వెలువడినది. అందులో స్థిరమైన గుణకాలుండవు. కొలతలను బట్టి అవీ మారుతాయి.

కళాశాల సంఘం వారికి నా మనవి ఒకటి. బి.ఎస్సీ. రికార్డులో గీసిన ప్రతి వక్రరేఖ క్రింద, అది కొలతల హద్దులు దాటినదా, పెరుగవలసిన చోట తగ్గినదా అని విద్యార్థి ఒక వాక్యం వ్రాసేటట్లు నియమం చేయవలెను. ఆ వాక్యానికి రెండు మార్కులు. నునుపునకు ఒకటి చాలు.